ఊఁ అంటే విన్నానని

కథ చెప్పేటప్పుడు ఎదుటివాళ్లు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే కథ దారి తప్పి అడవిలో పడిపోతుందని మా నాయనమ్మ అనేది. ఆ మాట నమ్మి డెబ్బై ఏళ్లు నేను ఊఁ కొట్టాను, పిల్లల చేత కొట్టించాను. ఆఖరికి ఆ ఊఁ మీదే నా తోటకు వెళ్లే దారి పోయింది. అందుకని ముందే చెబుతున్నాను, ఇది చదివేటప్పుడు ఎవరూ ఊఁ కొట్టనక్కర్లేదు. చదివితే చాలు.

మాది నీలివలస. రోడ్డు పక్కన సత్యానందం కట్టిన ఫంక్షన్ హాలు ఉంది. దాని వెనక నా ముప్పై సెంట్ల కనకాంబరాల తోట. తోటకు ఉన్నది ఒక్కటే దారి, హాలు గోడ పక్కనుంచి ఆరడుగుల వెడల్పున. మా అత్తగారు పూలబుట్ట నెత్తిన పెట్టుకుని ఆ దారినే నడిచింది. ఆవిడ వెనకాల నేను నడిచాను. సత్యానందానికి పెళ్లిళ్లకు వచ్చే కార్లు పెట్టుకోవడానికి జాగా చాలక, ఆ దారి తనదే అన్నాడు. కాదు, అందరం నడిచిన దారి, మూయకుండా ఆపండని నేను కోర్టులో దావా వేశాను. నేను వాదిని, అతను ప్రతివాది. ఈ రెండు మాటలూ మా ప్లీడరు లోకనాథం గారు నేర్పారు.

అప్పటికే కోర్టులకు కాళ్లొచ్చాయి. మనం కోర్టుకు వెళ్లడం తగ్గిపోయి, కోర్టే మన ఇంటికి రావడం మొదలైంది. దావా వేసినవాళ్ల ఇంటికి కొబ్బరిచిప్పంత పెట్టె ఒకటి పోస్టులో వచ్చేది. దాని పేరు శ్రోత. పెట్టెతో పాటు ఒక ఉంగరం. ఉంగరం వేలికి పెట్టుకుంటే అది నాడి చూస్తుంది, పెట్టె గొంతు వింటుంది. మనం ఒక మాటకు ఒప్పుకుంటే, ఇష్టంగా ఒప్పుకున్నామా, భయపడి ఒప్పుకున్నామా అనేది నూటికి ఇంత అని లెక్క కట్టేస్తుంది. దాన్ని గొంతు ముద్ర అన్నారు. వేలిముద్ర పోయి గొంతు ముద్ర వచ్చింది.

ఆ పెట్టెకు గొంతులో మంచీచెడూ నేర్పిన వాళ్లలో నా మనవరాలు లిఖిత కూడా ఉంది. నా కూతురి కూతురు. నేను మూడో తరగతితో బడి మానేశాను కదా, దీనికైనా రాత అబ్బాలని ఆ పేరు నేనే పెట్టాను. విశాఖలో ఒక ప్రయోగశాలలో పని. అది ఈ పనిలోకి ఎందుకు వెళ్లిందో చెప్పాలి. మా అత్తగారి చెల్లెలు సన్యాసమ్మ జ్వరంలో ఒళ్లు తెలియకుండా పడుకుని ఉంటే, ఆవిడ బొటనవేలికి సిరా రాసి కాగితం మీద నొక్కించి పొలం రాయించుకున్నారు. జ్వరం తగ్గి లేచాక ఆవిడ నల్లగా ఉన్న వేలు చూసుకుని, "ఇదేటి, నానేటి ముట్టుకున్నాను?" అని అడిగిందట. ఈ సంగతి నేను లిఖితకు చిన్నప్పుడు వందసార్లు చెప్పి ఉంటాను. పెద్దయ్యాక అది, "సిరా రాసినంత సులువుగా గొంతుకు ఇష్టం రాయలేరు అమ్మమ్మా. అలాంటి ముద్ర ఒకటి చేస్తాం" అంది. చేశారు కూడా. పెట్టె వచ్చాక అలాంటి మోసాలు చాలా ఆగిపోయాయి. ఏమాటకామాట చెప్పుకోవాలి.

మరి నా దగ్గర ఏం జరిగిందంటే...

ఒక పొద్దున్న పూలు కోసుకొచ్చి వీధి అరుగు మీద మాల కడుతున్నాను. పెట్టె మోగింది. ఉంగరం పెట్టుకున్నాను.

"తవిటమ్మ గారూ, నమస్కారం" అంది పెట్టె. మంచి గొంతు. సానతీసినట్టుంటుంది.

"ఊఁ" అన్నాను.

"మీ దావాలో ప్రతివాది ఒక రాజీ ప్రతిపాదన పంపారు."

"ఊఁ."

"చదివి వినిపిస్తాను. ప్రతివాది తన ఖర్చుతో మీ తోటకు నీటి గొట్టం వేయిస్తారు."

"ఊఁ." మంచిదే కదా అనుకున్నాను. పూలు రెండు కలిపి ముడి వేస్తూ వింటున్నాను.

అప్పుడు గొంతు మార్చకుండానే మాట మార్చింది. "తత్ప్రతిఫలముగా సదరు దావా ఆస్తియందలి గమనాగమన హక్కును వాది స్వచ్ఛందముగా పరిత్యజించుటకు సమ్మతించుచున్నారా?"

ఒక్క ముక్క తెలియలేదు. పురాణం వినేటప్పుడు పద్యం వస్తే అంతే కదా, తెలియదు. పద్యం చదివాక అర్థం చెబుతారు. ఆ అర్థం కోసం మనం ఆగుతాం. ఆగుతున్నాం, చెప్పండి అనడానికే ఊఁ అంటాం.

"ఊఁ" అన్నాను.

"ధన్యవాదాలు తవిటమ్మ గారూ" అని పెట్టె నోరు మూసేసింది.

"ఇదేటి, కథ మజ్జిలో ఆగిపోనాది?" అనుకున్నాను. కరెంటు పోయిందేమోనని పెట్టెను రెండుసార్లు తట్టాను కూడా.

తొమ్మిది రోజులకు బుట్ట పట్టుకుని వెళ్తే దారికి అడ్డంగా రేకులు. నా ఎత్తుకు రెండింతలు. రేకుల అవతల నా పూలు. కనకాంబరానికి వాసన ఉండదు. ఉంటే అవతలినుంచి వాసనైనా వచ్చేదే. రాత్రి వాన పడింది కదా, కాయలు తడిసి టపటపా పేలుతున్నాయి. విత్తనాలు రేకులకు తగిలి టిక్కు టిక్కుమంటున్నాయి. ఎవరో లోపలినుంచి తలుపు కొడుతున్నట్టుంది.

సత్యానందం హాలు మెట్ల మీద ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఒరే సత్తిగా! ఏట్రా ఈ రేకులు?"

"అదేటత్తా, నువ్వే ఒప్పుకున్నావు గదా" అన్నాడు లేచి నిలబడి. నన్ను చిన్నప్పటినుంచీ అత్తా అనే పిలుస్తాడు. "గొట్టం మనుషులు సోమారం వొస్తారు. మాటంటే మాటే."

"నానొప్పుకోడమేటి? కల గన్నావేటి?"

"నీ గొంతే గదత్తా! నానేటి నీ నోట్లో దూరి అన్నానా? కాగితం వొచ్చింది. డిక్రీ. ఇదిగో సూడు."

"ఆ గొట్టం మీద నడిసెల్లి పూలు కోసుకోమంటావేటి?"

అతను మళ్లీ ఫోన్ చూసుకున్నాడు. చెడ్డవాడని అనను. నేను ఇష్టపడి ఇచ్చాననే అతను నమ్మాడు. నమ్మినవాడితో పోట్లాట ఇంకా కష్టం.

తాలూకా టౌనులో కోర్టుకు వెళ్లాను. కిటికీ దగ్గర కూర్చున్న అమ్మాయి నా పేరు కొట్టి చూసి తెగ సంబరపడిపోయింది. "మామ్మగారూ, మీకు తొంభై ఎనిమిది వచ్చింది! ఈ ఏడాది మా కోర్టులో ఇంత మనస్ఫూర్తిగా ఒప్పుకున్నవాళ్లే లేరు!"

పరీక్ష పాసైనట్టు చెప్పింది, పిచ్చిపిల్ల.

ప్లీడరు లోకనాథం గారు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. "రాజీ డిక్రీ మీద అప్పీలు ఉండదు తవిటమ్మా. నేను ఒప్పుకోలేదు మొర్రో అని ఇచ్చిన కోర్టునే అడగాలి. అడుగుదాం. కానీ మన దగ్గర ఉన్నది నీ మాట. వాళ్ల దగ్గర ఉన్నది నీ గొంతు."

"రెండూ నాయే గదా బావూ."

"అదే వచ్చిన చిక్కు" అన్నారాయన.

ఇంటికి రాకుండా అటునుంచి అటే విశాఖ బస్సు ఎక్కాను.

లిఖిత పనిచేసే చోట చెప్పులు బయట విడవాలి. గుడి అనుకున్నాను. లోపల చలి, చుట్టూ అద్దాలు. అది నన్ను ఒక బల్ల ముందు కూర్చోబెట్టి నా కేసు తెర మీదకు తెచ్చింది. నా గొంతు గీతలు గీతలుగా, ఎండబెట్టిన అప్పడాల వరసలా కనిపించింది. కింద నా నాడి.

"అమ్మమ్మా, నిజం చెప్పు. నువ్వు ఊఁ అన్నావా?"

"అన్నాను."

"ఎందుకన్నావు?"

"ఎందుకేటే? ఇంటన్నాను, సెప్పు అని. ఊఁ అంటే అంతే గదే."

లిఖిత నవ్వబోయి ఆగిపోయింది. "ఊఁ అంటే సరే అని కదా అమ్మమ్మా."

"సరే అంటే సరే అంటాం. ఊఁకి ఎన్ని ఊఁలున్నాయే గుంటా! నీ యమ్మ పాలకేడిస్తే నాననే ఊఁ ఒకటి. మా అత్త ముకం తిప్పుకుని అనే ఊఁ ఒకటి, అది ఇంటే అన్నం దిగదు. నడుం నొప్పికి ఒక ఊఁ. 'ఊఁ?' అని సాగదీస్తే, ఏటీ, మళ్లీ అను సూద్దాం అని. ఇయ్యన్నీ ఒప్పుకోడాలేనా?"

అది వేళ్లు మీటల మీద ఆడించింది. తెర మీద నా ఊఁ పక్కన మరో ఊఁ వచ్చి నిలబడింది. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పెడితే అతికినట్టు సరిపోయాయి.

"ఇది యంత్రానికి మేం మొదట చూపించిన నమూనా" అంది మెల్లగా. "ఇష్టపూర్వకంగా ఒప్పుకోవడం ఎలా ఉంటుందో నేర్పాలి కదా. కోర్టుల్లో పాత రికార్డులన్నీ విన్నాం. ఎక్కడ చూసినా భయమే. ఒప్పుకున్నవాళ్లు కూడా భయంతోనే ఒప్పుకున్నారు. భయం చుక్క కూడా లేని గొంతు ఎక్కడా దొరకలేదు. అప్పుడు నేను..."

"ఊఁ?"

"అప్పుడు నేను ఇంటి నుంచి తెచ్చాను."

మీట నొక్కింది. ముందు నా గొంతు వినపడింది, పాతికేళ్ల కిందటిది. అనగనగా ఒక నక్క అంటున్నాను. వెంటనే ఒక చిన్న గొంతు, పాలు తాగి మూతి తుడుచుకోని గొంతు, "ఊఁ" అంది. లిఖిత గొంతు. వాళ్లమ్మ ఫోన్‌లో రికార్డు చేసి దాచుకున్నది.

"నాలుగు వందల ఊఁలు" అంది లిఖిత. "అన్నీ నావే. వాటి పక్కన 'అంగీకారం' అని రాసింది నేనే. నాడి నిమ్మళంగా ఉంది, గొంతులో వణుకు లేదు. ఇంతకంటే ఇష్టం ఏముంటుంది అనుకున్నాను."

"ఇష్టమే" అన్నాను. "కథ మీద."

అది రెండు చేతుల్లో ముఖం పెట్టుకుంది. సన్యాసమ్మ వేలికి సిరా పూసినవాడు మోసగాడు. నా గొంతుకు సిరా పూసింది నా ఒళ్లో కూర్చుని కథ విన్న పిల్ల, అదీ తెలియక, అదీ నన్ను కాపాడాలని. వీపు నిమిరాను. ఏం చెయ్యను?

అక్కడి పెద్దాయన విశ్వేశ్వరం గారిని పిలిచింది. నెరిసిన జుట్టు, నెమ్మది మనిషి. అంతా విని కిటికీ దగ్గరికి వెళ్లారు.

"ఎన్ని?" అన్నారు లిఖితతో.

"నాలుగు జిల్లాల్లో ఒక్క ఊఁ మీదే నమోదైన రాజీలు మూడు వేల రెండు వందలు సార్."

ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. "అమ్మా, ఈ యంత్రం రాకముందు ఇరవయ్యేసి ఏళ్లు దావాలు నడిచేవి. తాత వేస్తే మనవడు తీర్పు వినేవాడు. వేలిముద్రల మోసాలు మీకే తెలుసు. ఇప్పుడు ఇది బయటపడితే జనానికి పెట్టె మీద నమ్మకం పోతుంది. మళ్లీ పాత రోజులే. నామాట వినండి. లోపం మేం చప్పుడు లేకుండా సరిచేస్తాం. ఇకముందు ఊఁ చెల్లదు. మీ సత్యానందంతో నేను మాట్లాడతాను. వారంలో రేకులు తీయిస్తాను. మీ దారి మీకొస్తుంది. కోర్టు దాకా ఎందుకు?"

దారి వస్తుంది. వారంలో. నేను వచ్చిందే దానికోసం. లిఖిత నా వంక చూడటం లేదు, నేల చూస్తోంది. బయట నోరు విప్పనని అది పనిలో చేరినప్పుడు కాగితం రాసిచ్చిందట. విప్పితే పని ఉండదు.

"మరి ఆ మూడు వేల మందో బావూ?" అన్నాను.

"వాళ్లలో చాలామంది నిజంగానే ఒప్పుకుని ఉంటారు."

"ఉంటారు. ఒప్పుకోనోలు ఎవలో మనకెలా తెలుస్తాది? ఆలకి లిఖితలాటి మనవరాలు నేదు గదా."

ఆయన మళ్లీ కిటికీ వైపు చూశారు.

"ఇంకో మాట బావూ. నువ్వు సెప్పి ఇప్పిస్తే అది దానం. రేపు సత్తిగాడికి కోపమొస్తే మళ్లీ రేకులు. నాకు దానం వొద్దు, హక్కు కావాల. కోర్టులో పోయింది కోర్టులోనే దొరకాల."

లేచాను. లిఖిత బస్సు దాకా వచ్చింది. బస్సు కదిలేటప్పుడు కిటికీ పట్టుకుని, "వాయిదా ఎప్పుడు?" అని మాత్రం అడిగింది. తేదీ తెలిశాక ఫోన్ చేస్తానన్నాను. "వస్తావేటి?" అని నేను అడగలేదు. పిల్లల చేత అలా మాట తీసుకోకూడదు. తీసుకుంటే అదీ ఒక రకం వేలిముద్రే.

లోకనాథం గారు పాత పుస్తకాలన్నీ తిరగేసి ఒకటి పట్టారు. పెట్టె ముందు కాకుండా మనిషి ముందు, ముఖాముఖి చెప్పుకుంటానని అడిగే హక్కు కక్షిదారుకు ఉందట. చట్టంలో చిన్న అక్షరాలతో ఉంది. పెట్టె వచ్చాక మా కోర్టులో దాన్ని అడిగిన మొదటిదాన్ని నేనేనట. కాగితం పెట్టారు. మూడు వారాలకు వాయిదా వేశారు, లిఖితకు ఫోన్‌లో చెప్పాను. ఆ మూడు వారాలూ రోజూ పొద్దున్నే బుట్ట పట్టుకుని వెళ్లి రేకుల దగ్గర నిలబడి వచ్చేదాన్ని. కొయ్యని పూలు కంకి మీదే ఎండిపోతున్నాయని రేకుల సందులోంచి కనిపించేది. "ఎందుకత్తా రోజూ ఎండలో?" అనేవాడు సత్యానందం. "నడిసే దారి నడవడం మానితే మానేసిందంటారురా. నాను మాన్లేదు" అనేదాన్ని.

వాయిదా రోజు వచ్చింది. కోర్టు హాలు దులిపినట్టున్నారు, తుమ్ములొస్తున్నాయి. మృణాళిని గారని జడ్జిగారు, నా కూతురి వయసు. జడ్జిగారి బల్ల మీద పెద్ద పెట్టె, నాకూ సత్యానందానికీ ఉంగరాలు. లిఖిత కనపడలేదు. తలుపు వంక చూసి చూసి మెడ నొప్పెట్టింది.

సత్యానందం తరఫు ప్లీడరు కుర్రాడు లేచి గడగడా చెప్పాడు. "తొంభై ఎనిమిది శాతం అమ్మా. కుడి చేత్తో సంతకం పెట్టి ఎడం చేత్తో కాదన్నట్టుంది. వయసు మీద పడి ఆవిడ మరిచిపోయి ఉండవచ్చు."

"మరిసిపోడమా!" అన్నాను. "నువ్వు పుట్టినప్పుడు మీ యమ్మకి పథ్యం వొండింది నానే, ఏ కూర ఒండేనో సెప్పమంటావా?"

హాలంతా నవ్వింది. కుర్రాడు కూర్చున్నాడు.

"తవిటమ్మ గారూ" అన్నారు జడ్జిగారు. "మీరు ఊఁ అన్నారు. అన్నానని మీరే ఒప్పుకున్నారు. అది ఒప్పుదల కాదని నాకెలా తెలుస్తుంది?"

"ఒక్క సిన్న కథ సెప్పనిస్తారా తల్లీ? ఆ పెట్టె ఇంటూ ఉండాల. ఈ ఉంగరాలు ఇలాగే ఉండాల."

ప్లీడరు కుర్రాడు మళ్లీ లేవబోయాడు. జడ్జిగారు చెయ్యి చూపించారు. "చెప్పండి. చిన్నదే సుమా."

సర్దుకుని నిలబడ్డాను. "అనగనగా ఒక నక్క. దానికి మూరెడు తోక."

ఆగాను. హాలు నిశ్శబ్దం.

"ఎవలో ఒకలు ఊఁ కొట్టాల తల్లీ. నేపోతే నాకు మాట ముందుకి రాదు."

ఎవరూ అనలేదు. జడ్జిగారు నవ్వు ఆపుకుంటున్నారు. నేను కదలకుండా నిలబడ్డాను. కథకు ఎంతసేపు ఆగాలో నాకు తెలుసు. నా అరుగు మీద కథలు విని పెరిగిన మనిషి ఆ గదిలో ఒకడున్నాడనీ తెలుసు.

"ఊఁ" అన్నాడు సత్యానందం, తల దించుకునే.

"ఆ నక్క తోకకి కనకాంబరాల మాల కట్టుకుని పెల్లికి బయల్దేరినాది."

"ఊఁ."

"దారిలో ఎలుగ్గొడ్డు అడ్డం పడుకోనుంది. లెగవే అంటే, ఈ దారి నాది, లెగనంది."

"ఊఁ." ఇప్పుడు తల ఎత్తాడు. చిన్నపిల్లాడి కళ్లయ్యాయి, వెనకటిలాగే.

"నక్క ఎల్లి పెల్లిపెద్దతో మొర పెట్టుకుంది. ఆ పెద్ద మీసం దువ్వి ఏటన్నాడూ?"

"ఊఁ?"

"ఫంక్షన్ హాలు సత్యానందాన్ని నాను. నా హాలు, తాళాల్తో సహా, మా తవిటత్తకి ఇచ్చేస్తన్నాను, అన్నాడు."

"ఊఁ" అన్నాడు సత్యానందం.

బల్ల మీద పెట్టె సానతీసిన గొంతుతో పలికింది. "ప్రతివాది గారి అంగీకారం నమోదైనది. ఇష్టపూర్వకత తొంభై తొమ్మిది."

సత్యానందం ఉంగరం వేడి తగిలినట్టు ఊడబెరికాడు. "ఓలత్తోయ్! నానెక్కడ ఒప్పుకున్నాను? కథ ఇన్నానంతే! ఇన్నానంతే తల్లీ!"

"నానూ ఇన్నానంతే బావూ" అన్నాను.

హాలు గొల్లుమంది. జడ్జిగారు బల్ల కొట్టారు, కానీ ఆవిడ భుజాలు కూడా ఊగుతున్నాయి. నవ్వు సద్దుమణిగాక ఆవిడ ముఖం గట్టిపడింది. "ఇది ఇవాళ ఇక్కడ జరిగిన తమాషా. పెట్టె ఒకసారి పొరబడిందని దీన్నిబట్టి చెప్పగలను. ఎప్పుడూ ఇలాగే పొరబడుతుందని చెప్పాలంటే నాకు ఆధారం కావాలి. ఉందా?"

లోకనాథం గారు నా వైపు చూశారు. నేను తలుపు వైపు చూశాను.

"ఉందండీ" అన్న మాట వెనక వరసలోంచి వచ్చింది. లిఖిత. ఎప్పుడొచ్చి కూర్చుందో. ముఖానికి ముసుగులా చున్నీ చుట్టుకుంది, అందుకే గుర్తుపట్టలేదు. చున్నీ తీసి నడుచుకుంటూ వచ్చి బోనులో నిలబడింది.

"ఈ యంత్రానికి ఇష్టం అంటే ఏమిటో నేర్పిన వాళ్లలో నేనొకదాన్ని. నేనీ మాట బయట చెప్పనని రాసిచ్చాను. కోర్టు అడిగితే చెప్పక తప్పదు కాబట్టి, దయచేసి అడగండి."

"అడుగుతున్నాను" అన్నారు జడ్జిగారు.

చెప్పింది. నాలుగు వందల ఊఁల సంగతి, నక్క కథ సంగతి. ఒక్క మాట తడబడకుండా, ఏడవకుండా చెప్పింది. తన చిన్నప్పటి గొంతు వినిపించింది. పెట్టె దాన్ని కూడా విని, "అంగీకారం నమోదైనది" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. మూడేళ్ల పిల్ల దేనికి ఒప్పుకుంది?

"మూడు వేల రెండు వందల మంది ఉన్నారమ్మా" అంది లిఖిత ఆఖరున. "వాళ్లు ఒప్పుకున్నారో, విన్నారో నాకు తెలియదు. మా ముసలమ్మ సన్యాసమ్మకు జ్వరంలో వేలు నొక్కించారని నేనీ పనిలోకి వచ్చాను. అదే పని మళ్లీ నేనే చేశాను. తప్పు నాది, పెట్టెది కాదు."

జడ్జిగారు చాలాసేపు రాశారు. పెట్టెకు చెప్పలేదు, చేత్తోనే రాశారు. తర్వాత చదివారు. పద్యంలా కాదు, నాకు తెలిసేలా. ఆ రాజీ డిక్రీ చెల్లదు. దావా మొదట ఎక్కడుందో అక్కడికి వెళ్తుంది. తేలేదాకా దారి మూయకూడదు, రేకులు రెండు రోజుల్లో తీయాలి. ఊఁ మీద నమోదైన రాజీల సంగతి పై కోర్టుకు రాస్తున్నారు. చదవడం అయ్యాక కళ్లజోడు తీసి, "తెలిసిందా తవిటమ్మ గారూ?" అన్నారు.

ఊఁ అనబోయాను. నాలుక కొరుక్కున్నాను. "తెలిసిందమ్మా" అన్నాను.

రేకులు సత్యానందమే దగ్గరుండి తీయించాడు. "అత్తా, మరి ఆ నక్క పెల్లికెల్లిందా?" అని అడిగాడు, మేకులు ఏరుతూ. "ముందు దావా తేలనీరా, సెబుతాను" అన్నాను. దావా ఇంకా నడుస్తోంది. దారి తెరిచే ఉంది. పోట్లాట పోట్లాటే, అతని కూతురి పెళ్లికి పూలు నా తోటవే.

లిఖితకు ఆ పని పోయింది. విశ్వేశ్వరం గారు తిట్టలేదట, చేతులు జోడించారట. అదే ఎక్కువ బాధ పెట్టిందట దానికి. తర్వాత పై కోర్టు వేసిన కమిటీ, తప్పు ఎక్కడుందో తెలిసిన మనిషి కావాలని దీన్నే పిలిచింది. ఇప్పుడు ఊరూరూ తిరుగుతోంది. ఒక్కొక్కరి గుమ్మంలో కూర్చుని వాళ్ల కాగితం వాళ్ల మాటలో చదివి, మళ్లీ అడుగుతుంది. ఏడు వందల ఇళ్లు అయ్యాయి. నేనూ నాలుగు ఊళ్లు వెళ్లాను. ఒక ముసలాయన, "నిజంగానే ఒప్పుకున్నాను తల్లీ, నా తమ్ముడే గదా" అన్నాడు. ఆ పక్క ఇంట్లో ఒకావిడ కాగితం అర్థం విన్నాక, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

పెట్టెను మానెయ్యలేదు. మళ్లీ నేర్పుతున్నారు. మొన్న లిఖిత కొత్తదాన్ని తెచ్చి అరుగు మీద నా ముందు పెట్టింది. "నువ్వే చెప్పు అమ్మమ్మా, ఈసారి" అని పూలబుట్ట తన వైపు లాక్కుని మాల కట్టడం మొదలెట్టింది. దాని ముడులు వదులు, చెబితే వినదు.

నేను పెట్టె వైపు తిరిగాను. "అనగనగా ఒక నక్క."

"ఊఁ" అంది పెట్టె. బాగా అంది.

"దానికి మూరెడు తోక."

"ఊఁ."

"ఆ నక్క తన అడవంతా, కొండతో సహా, ఎలుగ్గొడ్డుకి రాసిచ్చేసినాది."

"ఊఁ."

వంగి దాని దగ్గరగా అడిగాను. "ఒప్పుకున్నావేటి?"

లిఖిత చేతిలో దారం ఆగిపోయింది.

"లేదండీ" అంది పెట్టె. "విన్నాను. మీరు చెప్పండి, తర్వాతేమైంది?"